నాకిచ్చిన ఒక్క స్వరం

తెలంగాణ వచ్చిన నాలుగేళ్లకు మహబూబ్‌నగర్‌లో, మా వీధి కటింగ్ షాపులో నలుగురం కలిసి పాడటం మొదలుపెట్టాం. కారణం ఒక ఫోన్ వీడియో. ఏదో దేశంలో నలుగురు మీసాల దొరలు క్షవరం కుర్చీ చుట్టూ నిలబడి, తలొక స్వరం పట్టి, ఒకే పాట పాడుతున్నారు. ఆ పాటలకు అక్కడ మంగలి షాపు పేరే పెట్టారట. అది విని మా షాపాయన ఛాతీ ఎంత ఉబ్బించాడంటే, నా గడ్డం సగంలోనే ఆగిపోయింది.

"సార్, మా తాత సన్నాయి ఊదెటోడు. గీ పని మాకు కొత్తనా?" అన్నాడు.

అలా ఆయన, పక్క కొట్టు దర్జీ, కరెంటు లైన్‌మన్, రిటైరైన పంతులునైన నేను కళాకారులమయ్యాం. ముప్పై ఏళ్లు క్లాసుల్లో అరిచిన గొంతు నాది. శనివారం భజనలో నేను ఎత్తుకున్నదే అందరూ అందుకోవాలి. గుంపులో గోవిందా అనడమే మా సంగీతశాస్త్రం. కాబట్టి ఇక్కడా అసలు బాణీ నాకే వస్తుందనుకున్నాను.

బాణీ దర్జీకి పోయింది. పైస్వరం షాపాయనది, కిందిది లైన్‌మన్‌ది. నాకు మధ్యలో ఒక్క స్వరం. బాణీ ఎటు తిరిగినా నేను కదలకూడదు.

"మీరు గిదొక్కటి పట్టుండ్రి సార్. జర మెల్లగ," అన్నాడు షాపాయన.

గౌరవంగా నోరు మూయించడమంటే ఇదేనని అర్థమైంది. అసలే రిటైరయ్యాక, నేను లేకపోతే ఏదైనా ఆగుతుందా అన్న అనుమానం నన్ను తినేస్తోంది. ఇంట్లో ఏదీ ఆగలేదు. ఇప్పుడు ఈ పాట కూడా ఆగదన్నమాట.

రెండు నెలలు ఒకే నాట్ల పాటతో కుస్తీ పట్టాం. రెండో చరణానికల్లా అందరం దర్జీ బాణీలోకి జారేవాళ్లం. గట్టిగా పాడినవాడి వెంట పోవడం భజన అలవాటు మరి. ముందు జారేది నేనే. తప్పు మాత్రం ఫ్యానుదన్నాను, దాని గరగర శ్రుతి చెడగొడుతోందని. షాపాయన ఫ్యాను ఆపాడు. చెమటలు కక్కుతూ మళ్లీ జారాం.

ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. బాగుచేయాల్సినవాడు మాతో పాడుతున్నాడు. కుర్చీలో నురగ పూసుకున్న గిరాకీ గతిలేక కళ్లు మూసుకున్నాడు. ఆ రోజు మూడో చరణం వచ్చినా ఎవరమూ జారలేదు. ఉన్నట్టుండి పైకప్పు దగ్గర సన్నగా ఇంకో గొంతు వినిపించింది. ఉన్నది నలుగురం, వినిపిస్తున్నది ఐదుగురు. ఎవరు వచ్చారా అని తలుపు వైపు చూస్తూ నేను ఆపేశాను.

ఆ గొంతు పోయింది. ముగ్గురూ శ్రుతి తప్పకుండా పాడుతూనే ఉన్నారు. అది మాత్రం రాలేదు. నా ఒక్క స్వరం తగ్గితే అది పుట్టదన్నమాట.

గిరాకీ కళ్లు తెరిచి సరిగ్గా నా వైపే చూశాడు.

"ఎందుకు ఆపిన్రు సార్?"

నాకు ఏడుపొచ్చినంత పనైంది. మళ్లీ నా స్వరం అందుకున్నాను.