నిలబెట్టిన కారుకు పడిన శిక్ష

మందుల కంపెనీలో రిప్రజెంటేటివ్‌గా చేరిన కొత్తల్లో శాంపిళ్ల సంచి భుజాన వేసుకుని బస్సుల్లో తిరిగేదాన్ని. మా ఇల్లు కడపలో, ఉద్యోగం కర్నూలులో. కోడుమూరు, డోన్ డాక్టర్లు కూడా నా కిందికే వచ్చేవారు. మధ్యాహ్నం ఎండలో బస్టాండులో నిలబడి నిలబడి ప్రాణం విసిగి, చివరికి ఒక చిన్న కారు కొనుక్కున్నాను. అప్పటికి నాకు పాతికేళ్లు కూడా నిండలేదు.

కారు కొన్నప్పటినుంచీ ప్రతివాళ్లూ ఒకటే మాట. ఆడపిల్లవు, ఒక్కదానివే అంత దూరం తోలుతావా, ఎక్కడో గుద్దేస్తావు. నేను ఎక్కడా గుద్దలేదు. ఏటా ఇన్సూరెన్స్ రెన్యూ చేసేటప్పుడు నో క్లెయిమ్ బోనస్ అని కొంత తగ్గించేవారు. ఆ ఏడాదంతా కంపెనీని ఏమీ అడగలేదు కాబట్టి ఇచ్చే రాయితీ అది. క్లెయిమ్ లేని కొద్దీ ఏటేటా పెరుగుతుంది. మిగిలే డబ్బు సంగతి అటుంచి, నేను బాగా తోలుతున్నానని నాకు సంబంధం లేని ఒక కంపెనీ ఒప్పుకోవడం నాకు గొప్పగా ఉండేది.

డోన్‌లో ఒక డాక్టరును కలవాల్సి ఉండి, ఆయన ఆసుపత్రి పక్కన రోడ్డు వారగా కారు ఆపుకున్నాను. పిలుపు వచ్చేదాకా కార్లోనే కూర్చుని బాక్సులో తెచ్చుకున్న బొరుగుల ఉగ్గాని తింటున్నాను. ఎదురుగా ఉన్న సిమెంటు కొట్టు ముందునుంచి ఒక పెద్ద జీపు వెనక్కి వస్తోంది. ఆగుతుందిలే అనుకున్నాను. ఆగలేదు. హారన్ మీద చెయ్యి పెట్టేలోపే వచ్చి గుద్దింది. బాక్సు నా ఒళ్లో బోర్లా పడింది. హెడ్‌లైటు పగిలింది, బంపరు చీలింది.

జీపులోంచి తెల్లచొక్కా పెద్దమనిషి దిగాడు. ఆ సిమెంటు కొట్టు ఆయనదే. ముందు తన జీపు వెనక భాగం తడిమి చూసుకున్నాడు. ఆ తర్వాతే నావైపు తిరిగాడు.

"ఏమ్మా, చూసుకోని తోలొద్దా?"

"నిలబెట్టిన బండిని నేనెట్ల చూసుకోని తోలాలప్పా?"

చుట్టూ జనం చేరారు. ఆయన గొంతు మెత్తబడింది. "సరేలే పాపా, శానా చిన్న దెబ్బ. ఇన్సూరెన్స్ ఉండాది కదా, వాళ్లే చేసిస్తారు. నడిరోడ్డు మీద గలాటా ఎందుకు?"

"అవునమ్మా, పెద్దాయన చెప్తాండాడు కదా, పో," అన్నాడు చూస్తున్నవాళ్లలో ఒకడు. ఇంకొకడు "ఆడపిల్లలకు రివర్సు రాదు" అని నవ్వాడు. రివర్సులో వచ్చింది ఎవరో అక్కడ అందరూ చూశారు. ఒంటినిండా ఉగ్గానితో, ఏడిస్తే ఇంకా నవ్వుతారని పళ్లు బిగబట్టుకుని కారు తీశాను.

కర్నూలులో షెడ్డువాడిదీ అదే మాట. "క్లెయిమ్ పెట్టేద్దాం మేడం. నేనంతా చూసుకుంటా." పెట్టాడు. నాలుగు రోజుల్లో కారు కొత్తదానిలా వచ్చింది. అంతటితో పోయిందనుకున్నాను.

రెన్యూవల్ సమయానికి నేను కడపలో ఇంట్లో ఉన్నప్పుడు, మా వీధిలోనే ఉండే ఇన్సూరెన్స్ ఏజెంటు వచ్చాడు. మా నాన్న స్నేహితుడు, చిన్నాన్నా అని పిలిచేవాళ్లం. ఈసారి కట్టాల్సింది చూసి లెక్క తప్పిందేమో అన్నాను.

"తప్పలేదు తల్లీ. క్లెయిమ్ చేసినావు కదా, బోనస్ అంతా పోయ్యింది. మళ్లీ మొదటినుంచి రావాల."

"అంతా ఎట్ల పోతాది చిన్నాన్నా? గుద్దింది ఆయన!"

"ఎవురు గుద్దినారని వాళ్లు చూడరమ్మా. నువ్వు క్లెయిమ్ చేసినావా, లేదా, అంతే."

"మరి ఆయనకు?"

"ఆయనకేముంది? క్లెయిమే చెయ్యల్య కదా. ఆయన బోనస్ ఆయనకుంటాది. ఆయన ఇన్సూరెన్స్ మీద నువ్వు రాబట్టాలంటే పోలీసు కేసు, కోర్టు. చిన్న బంపరుకు అయ్యేపనేనా? అసలు ఇంత చిన్నదానికి క్లెయిమ్ పెడ్తారా ఎవరన్నా? నన్నొక మాట అడిగింటే..."

"ఎవరికీ ఏం కాలేదు, అదే పదివేలు," అంది అమ్మ వంటింట్లోంచి. నాకు ఒళ్లు మండిపోయింది. గుద్దినవాడి పేరు మచ్చ లేకుండా ఉంది. కూర్చుని ఉగ్గాని తింటున్న నాకు శిక్ష పడింది. దాన్ని నా ఇంట్లోవాళ్లే మామూలు విషయంలా చెబుతున్నారు.

తర్వాతి వారం డోన్ వెళ్లినప్పుడు నేరుగా సిమెంటు కొట్టు దగ్గరకు పోయి, గేటుకు అడ్డంగా కారు నిలబెట్టాను. లోపల లోడు ఎత్తిన లారీ బయటికి రావాలి. డ్రైవరు హారన్ మోగించాడు. నేను దిగలేదు. ఆయనే వచ్చాడు.

"ఎవరమ్మా నువ్వు? బండి తియ్యి."

"మీరు గుద్దిన బండే ఇది. గుర్తుకు రాలేదా?"

కాసేపు తేరిపార చూశాడు. "అదెప్పటిదో కదా! ఇన్సూరెన్స్ వాళ్లు చేసియ్యలేదా?"

చేసిచ్చారని, దానికి నా ఇన్నేళ్ల బోనస్ పోయిందని చెప్పాను. హమాలీలు బస్తాలు దించి చుట్టూ నిలబడ్డారు. ఆయన జేబులోంచి పర్సు తీశాడు. "ఎంత కావాల చెప్పు. పని చెడగొడ్తాండావు."

"నాకు మీ దుడ్లు వద్దు. తప్పు ఎవరిదో చెప్పండి."

"సరే, తప్పు నాదే అనుకో."

"అనుకోను. మీరు చెప్పాల."

లారీ హారన్ మోగుతూనే ఉంది. ఆయన మొహం ఎర్రబడింది. హమాలీల వైపు చూసి, నేల వైపు చూసి, "నాదే తప్పు, చూసుకోకుండా వెనక్కి తీసినా. చాలునా?" అన్నాడు.

చాలలేదు. అయినా కారు తీశాను. అడగాల్సిన మాట అడిగాను. అయినా రెన్యూవల్‌కు మాత్రం మొత్తం ప్రీమియమే కట్టాను.

మొన్న కర్నూలులో ఒక ఆటో నా కారు తలుపును గీరి, ఆగకుండా వెళ్లిపోయింది. షెడ్డువాడు మళ్లీ అదే పాట ఎత్తుకున్నాడు. క్లెయిమ్ మాట ఎత్తితే ఊరుకోనని చెప్పి, సొంత డబ్బుతో రంగు వేయించాను. రంగు కలవలేదు. ఆ తలుపు ఒక్కటే వేరే బండి నుంచి తెచ్చి తగిలించినట్టు కనిపిస్తుంది. ఇన్సూరెన్స్ ఉండి కూడా ఇదేమిటని అమ్మ అడిగింది. ఏటేటా కడుతూ, అవసరం వచ్చినప్పుడు ముట్టుకోవాలంటే భయపడాల్సిన దాన్ని ఇన్సూరెన్స్ అని ఎందుకంటారో నాకూ తెలియడం లేదని చెప్పాను.