కప్లర్లకు అక్షింతలు

ఆ రోజుల్లో లోకంలోని కష్టాలన్నిటికీ లూజు కాంటాక్టే కారణమని నాకు గట్టి నమ్మకం. మోటారు తిరక్కపోయినా, మనిషి ముఖం మాడ్చుకున్నా, ఎక్కడో ఒక జాయింటు వదులై ఉంటుందని, దాన్ని బిగించే విద్య నా వేళ్లలో ఉందని అనుకునేవాణ్ణి. సత్తుపల్లిలో ఒక ఆటో ఎలక్ట్రికల్ మేస్త్రి దగ్గర పని నేర్చుకుని, నేర్చుకున్నది చాలని నాకు నేనే తీర్మానించుకున్న వయసు అది. (మేస్త్రి అభిప్రాయం వేరుగా ఉండేదేమో, నేను అడగలేదు.) ఇక మిగిలింది సొంత దుకాణం. అందుకు తగిన గది దమ్మపేట రోడ్డు మీద మా మేనమామకు ఉంది. అందులో ఆయన ఎరువుల బస్తాలు వేసుకునేవాడు. వెళ్లి అడిగితే నన్ను కింది నుంచి మీదికి ఒకసారి చూసి షరతు పెట్టాడు.

"అల్లుడూ, నా జీపుకు వైరింగ్ కొత్తగా చెయ్యి. వాగు నిండుగున్నప్పుడు అవతలి ఒడ్డుకు తోల్త. నడుమ ఆగకుంటే గది తాళంచెవి నీది. ఆగిందనుకో, దుకాణం ముచ్చట ఇడిసిపెట్టి తోటల పామాయిల్ గెలలు తూచు."

గెలలు తూచడం అవమానమేమీ కాదు గానీ, నాకు మాత్రం చదువు మాన్పించి బర్రెల వెంట పంపినంత దుఃఖం కలిగింది. పైగా ఆ జీపు అంత తేలిగ్గా లొంగేది కాదు. బాడీ ఒక బండిది, ఇంజను ఇంకో బండిది, సీట్లు ఏ బండివో మామకే తెలియదు. అందుకే దుకాణాల్లో దొరికే వైరింగ్ కిట్టు ఏదీ దానికి సరిపోదు, తీగ తీగా కొలిచి చేత్తో అల్లాల్సిందే. పాత వైర్లలో ఎలుకలు తిన్నవి పోగా మిగిలినవి టేపు చుట్ల మీద బతుకుతున్నాయి. ములకలపల్లి వైపు అడవి అంచున ఉన్న తోటకు పోవాలంటే ఇంటి వెనకే ఉన్న వాగు దాటాలి. వానాకాలం వస్తే జీపు సరిగ్గా వాగు మధ్యలో ఆగేది, మామ లుంగీ ఎగ్గట్టుకుని దాన్ని తిట్టుకుంటూ ఒడ్డుకు నడిచి వచ్చేవాడు. నీళ్లు చొరబడేది కప్లర్లలోనే, అంటే రెండు వైర్ల కొసలను కలిపే ప్లాస్టిక్ జతల్లోనే అని నేను తేల్చాను. కాబట్టి కప్లర్ మంచిదైతే నా బతుకు మంచిదవుతుంది.

ఖమ్మం పోయి కంటికి కనబడిన రకాలన్నీ తెచ్చాను. ఇంజను వేడికి ఏది ఆగుతుందో చూడాలని అత్తయ్య ఇడ్లీ పాత్రలో పేర్చి ఆవిరి పెట్టాను. తెల్లవి కాసేపటికే మూతులు వంకర తిప్పుకున్నాయి. "ఏందిరా, గిది జీపుకా, టిఫిన్‌కా?" అని మామ వెక్కిరించాడు. అత్తయ్య మాత్రం ఆ పాత్రను చింతపండు పెట్టి తోముతూనే ఉంది. నల్లవాటికి లోపల రబ్బరు రింగు ఉంది, అవి వేడికి చెక్కుచెదరలేదు. నీళ్ల పరీక్ష కోసం వాటిని తాడుకు కట్టి కుడితి తొట్టిలో వేలాడదీశాను. కుడితి తట్టుకున్నదానికి వాగు ఒక లెక్కా అని నా శాస్త్రం. బర్రె వచ్చి ఒకదాన్ని నోట పెట్టుకుని, తీరిగ్గా నమిలి, నచ్చక ఉమ్మేసింది. తుడిచి చూస్తే ఇంకా టక్కుమని పడుతోంది! 

"బర్రె పాస్ చేసిందా?" అన్నాడు మామ.

"అవ్ మామా."

"అయితే గవే పెట్టు."

నేను అరుగు మీద కప్లర్లు వేరు చేసుకుంటుంటే అత్తయ్య వచ్చి పక్కన కూర్చుంది. "గివి రెండు తీర్లెందుకున్నయ్ అల్లుడా?" అని అడిగింది. "ఇది మగది, ఇది ఆడది అత్తా. మేం గట్లనే అంటం. రెండూ కలిస్తేనే కరెంటు పారుతది" అన్నాను. ఆమె ముక్కు మీద వేలేసుకుని, ఒక జతను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. నా విద్యకు ముగ్ధురాలైందనుకుని నేను ఇంకాస్త నిటారుగా కూర్చున్నాను.

ఇంజను అడుగున ఉన్న కప్లర్లన్నీ ముందు రోజే బిగించాను. హారన్, లైట్లు, వైపర్‌వి చివర్లో కలపొచ్చని తెరిచి ఉంచాను. తెల్లారి పూజ చేశాకే బండి కదలాలని, స్నానం చేయకుండా దాన్ని ముట్టుకోవద్దని అత్తయ్య ఆజ్ఞ. నేను స్నానం చేసి వచ్చేసరికి జీపుకు బంతిపూల దండ పడింది, టైర్ల కింద నిమ్మకాయలు చేరాయి. నా కప్లర్లలో ఆడవాటికి పసుపూ కుంకుమా, మగవాటికి నిలువు నామం! నవ్వుకుంటూ వాటిని గబగబా కలిపేశాను. అన్నీ టక్కుమన్నాయి. (అన్నాయంటే అన్నాయి.)

మామ తోలుతుంటే, నేను పక్కన కూర్చోగా, జీపు వాగులో దిగింది. అత్తయ్య ఒడ్డునే చేతులు జోడించి నిలబడింది. నీళ్లు బంపరు దాటాయి, ఇంజను దగ్గలేదు. అవతలి ఒడ్డున మేకలు అడ్డం వచ్చాయని మామ హారన్ నొక్కాడు. వైపర్ తిరిగింది. వైపర్ ఆపబోతే హారన్ అందుకుంది, ఇక ఆగలేదు. పగటిపూట హెడ్‌లైట్లు కన్నుగీటసాగాయి. అవతల ఉన్న గూడెం జనం పెళ్లి బండి వచ్చిందనుకుని బయటికొచ్చారు. "పెండ్లికొడుకేడి?" అని ఒక పెద్దాయన అడిగితే, మామ నా వైపు చెయ్యి చూపించాడు.

ఒడ్డెక్కగానే ఆయన బానెట్ ఎత్తి హారన్ కప్లర్ లాగేశాడు. అడవి ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. కప్లర్ నోట్లోంచి ఆయన అరచేతిలోకి నీళ్లతో పాటు పసుపుపచ్చ బియ్యం గింజలు రాలాయి. భద్రాచలం కల్యాణం అక్షింతలు! అత్తయ్య బీరువాలో దాచుకుని ఇంట్లో పెళ్లిళ్లకే బయటికి తీసేవి. మగదానికీ ఆడదానికీ జత కుదురుస్తున్నామంటే అక్షింతలు వేయకుండా ఎలా ఉంటుంది మరి? గింజ రబ్బరు రింగు మీద కూర్చుంది, నీళ్లు దర్జాగా లోపలికి నడిచాయి. ఇంజను అడుగున ఆమె చెయ్యి చేరలేదు గనక బండి నడిచింది. నాకు కళ్ల ముందు గెలలూ తూనికా తప్ప ఇంకేమీ కనిపించలేదు.

"దాటిండ్రా?" అని ఇవతలి ఒడ్డు నుంచి అత్తయ్య కేకేసింది. "నేను కప్లర్లల్ల అక్షింతలేసిన! పనిచేసినయ్ కదా?"

మామ అరచేతిలోకి చూశాడు, నా వైపు చూశాడు. ఎవరినైనా ఆట పట్టించే అవకాశాన్ని వదులుకోవడం ఆ మనిషి జీవితంలో నేను చూడలేదు. మెల్లగా పిడికిలి మూసి, గింజలను చొక్కా జేబులో వేసుకున్నాడు.

"అవ్! గవే దాటించినయ్!" అని వాగు మీదుగా అరిచాడు. తర్వాత మొలతాడుకున్న తాళంచెవి విప్పి నా చేతిలో పెడుతూ, నాకు మాత్రమే వినిపించేలా, "మీ అత్త చెయ్యి పడని జాయింట్లు మంచిగ చేసినవ్ రా" అన్నాడు.

ఆ గదిలోనే ఇప్పటికీ నా దుకాణం. నా అంత విద్యావంతుడు ఆ చుట్టుపక్కల లేడనుకున్న ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నాకు నవ్వూ వస్తుంది, కాస్త దిగులూ వేస్తుంది. అంత నమ్మకం నాకు దేని మీదా మళ్లీ కలగలేదు. ఆ రోజు వాగు దాటి వెనక్కి వచ్చి, సిగ్గుతో తలెత్తలేక అత్తయ్య ముందు నేల చూస్తూ నిలబడ్డాను. ఆమె నా తల నిమిరి, పని వచ్చినవాడికి అంత వినయం ఉండటం గొప్ప సంగతంది. చుట్టాలందరికీ ఇప్పటికీ అదే చెబుతుంది.