జర్మనీ నోటికి సరిపడే పేరు

పాపకు పురిటి స్నానం కూడా కాలేదు, మా ఇంట్లో వాళ్ళు జర్మన్ల నాలుక గురించి దిగులు పడటం మొదలుపెట్టారు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని సామెత. మా ఇంట్లో ఆలు ఉంది, చూలు అయింది, బిడ్డ కూడా పుట్టింది. లేనిదల్లా జర్మనీ ఒక్కటే.

వెళ్ళబోయే మనిషిని నేనే. నరసరావుపేటలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో నర్సుగా చేసేదాన్ని. జర్మనీలో నర్సులు చాలడం లేదట, భాష వస్తే చాలు తీసుకుంటారట అని ఊరంతా అనుకుంటుంటే నేనూ కోచింగ్‌లో చేరాను. పెళ్ళై మాచర్ల వచ్చాక, కడుపుతో ఉండి కూడా, పొద్దున్నే బస్సెక్కి క్లాసుకు వెళ్ళేదాన్ని. పరీక్ష ఇంకా మిగిలే ఉంది, వీసా మాట దేవుడెరుగు. మా ఆయనకు ఊళ్ళో పురుగుమందుల కొట్టు ఉంది. పాప పుట్టిన మర్నాడే ఆయన ఒక షరతు పెట్టారు.

"పేరు జర్మన్‌లోనూ నప్పాలి, ఇంగ్లీషులోనూ నప్పాలి. నీకు జర్మన్ పరీక్ష పోయిందనుకో, ఐర్లాండ్ ఉందిగా."

అంటే నేను తప్పుతానన్న నమ్మకాన్ని కూడా పసిదాని పేరులోనే ఇరికించారన్నమాట. మిరప తోటకు ఒక మందు పని చేయకపోతే ఇంకొకటి ఉంటుందని రైతులకు రెండూ అంటగట్టే మనిషి, ఇంట్లో మాత్రం వేరుగా ఎలా ఉంటారు?

పేరు పెట్టే హక్కు మేనత్తది. మా వదిన, అంటే ఆయన అక్క, గురజాలలో ఒక ప్రైవేటు బడిలో ఇంగ్లీషు చెబుతుంది. ఆ హక్కుకు ఆ ఉద్యోగం తోడయ్యేసరికి ఇక పట్టపగ్గాల్లేవు. శనివారం రాత్రికి మాచర్లలో దిగేది, ఆదివారమంతా ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చునేది. పేరు టైపు చేసి జర్మన్ గొంతుతో చదివించడం, తర్వాత ఇంగ్లీషు గొంతుతో చదివించడం. మేమంతా చుట్టూ చేరి, ఎన్నికల ఫలితాలు వింటున్నట్టు వినేవాళ్ళం.

జాహ్నవి యాహ్నవి అయి పోయింది. జ్యోతికీ అదే రోగం. ధాత్రి ఒత్తు దగ్గర చచ్చింది. వాగ్దేవి అన్న పేరును ఆ గొంతు ఎలా పలికిందో రాయడానికి తెలుగు అక్షరాలు చాలవు. మా అత్తగారు ఉయ్యాల్లో ఉన్న పాప చెవులు రెండు చేతులతో మూసేసింది.

"అదీ ఒక పేరంట్రా? పిల్లకి జొరమొచ్చుద్ది."

మా అత్తగారికి ఒకే కోరిక. పాపకు ఆమె అత్తగారి పేరు పెట్టాలి. ఆ అత్తగారు ఎప్పుడో పోయింది, గోడ మీద ఫొటోలో ముక్కుపుడకతో సహా ఉంది. చిక్కేమిటంటే, మా వైపు కోడలు అత్త పేరు నోటితో పలకదు. అత్త పోయినా సరే, ఆ మర్యాద మాత్రం పోదు. అందుకని మా అత్తగారు ఫొటో వైపు గడ్డం ఎగరేసి "ఆమె పేరు" అనేది. ఇంటికి వచ్చిన బంధువులకు తన అత్త పేరేమిటో చెప్పాల్సి వస్తే మా ఆయన్ను పిలిచి చెప్పించేది. తాను జన్మలో పలకలేని పేరు రోజంతా ఇంట్లో మోగాలని కోరుకునే మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

ఆ పేరు కోటేశ్వరమ్మ. కోటప్పకొండ దేవుణ్ణి నమ్ముకున్న మా ప్రాంతంలో వీధికి ఒకరైనా ఉంటారు. వదిన సరదాకి దాన్నీ ఫోన్‌కు ఇచ్చింది. జర్మన్ గొంతు మధ్యలో ఆగి, గుక్క తిప్పుకుని, మళ్ళీ బయలుదేరింది. ఆయన, వదిన పగలబడి నవ్వారు.

"ఇది పెడితే అక్కడ బళ్ళో హాజరు అయ్యేసరికి సాయంత్రం అయిద్దే అమ్మా!" అంది వదిన.

మా అత్తగారు లేచి వంటింట్లోకి వెళ్ళింది. ఆ పూట గిన్నెలు మామూలు కంటే గట్టిగా మోగాయి. నేనూ నవ్వాను, అది దాచను. అప్పటికి నేను వాళ్ళ జట్టే.

ఆ తర్వాత పంతులుగారు వచ్చారు. పాపది అశ్విని నక్షత్రం. చూ, చే, చో, లా అన్న అక్షరాలతో పేరు మొదలవ్వాలన్నారు. మొదటి మూడూ వినగానే మా వదిన ముఖం చూడాలి. ఫోన్ కూడా తీయలేదు.

"ఇంట్లో పెద్దవాళ్ళ పేరు పెట్టుకుంటే నక్షత్రం చూడక్కర్లేదు" అని పంతులుగారు దారి చూపించారు.

"విన్నారా!" అని వంటింట్లోంచి ఒక కేక వచ్చింది. ఎవరూ వినలేదు.

చివరికి "లా" దగ్గర మొదలుపెట్టి "లీ" దగ్గర తేలారు. లీనా. ఫోన్ రెండు గొంతులతోనూ ఎక్కడా తడబడకుండా పలికింది. వదిన ఏదో ఉద్యోగం వచ్చినంత సంబరపడింది. పంతులుగారు కూడా లా కి, లీ కి పెద్ద దూరం లేదులెమ్మని ఆమోదించారు.

వెటకారం చేస్తూ చెబుతున్నాను కానీ, ఆ రోజుల్లో నాకు లోపల చాలా సంతోషంగా ఉండేది. ఎందుకంటే పాపను నాతో పంపుతారా లేదా అన్న మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. నేనూ అడగలేదు. అడిగితే కాదంటారేమోనని భయం. మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది. పిలిస్తే పలికే అమ్మ లేకుండా పెరగడం ఎలా ఉంటుందో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. అందుకే ఆ ఫోన్ గోలంతా నాకు ఒక మాట ఇచ్చినట్టు అనిపించేది. జర్మన్ వాళ్ళు పిలవడానికి పేరు వెతుకుతున్నారంటే, పిల్ల జర్మనీలో ఉంటుందనే కదా అర్థం.

పేరు పెట్టే రోజు వచ్చింది. ఇత్తడి పళ్ళెంలో బియ్యం పోసి పరిచారు. మా ఆయన ఉంగరం తీసి బియ్యంలో రెండక్షరాలు రాశారు. వదిన పాప చెవిలో పేరు చెప్పి, ఉయ్యాల్లో వేసింది. అందరూ అక్షింతలు వేస్తుంటే పక్కింటి పిన్ని ఊరికే ఉండలేక అడిగింది.

"అయితే పిల్ల కూడా పోద్దా ఆ దేశం?"

"పిల్లెందుకు పిన్నీ?" అంది వదిన, ఉయ్యాల తాడు సర్దుతూ. "అక్కడెవరు చూస్తారు? ఇది పోయి డ్యూటీలో పడ్డాక, పాప ఇక్కడ మా అమ్మ దగ్గరే ఉంటది. పెద్దదయ్యాక చూద్దాం."

నేను ఆయన వంక చూశాను. ఆయన బియ్యం వంక చూస్తున్నారు.

"ఏందండీ ఇది?"

"తర్వాత మాట్లాడుకుందాంలే."

"మరి ఈ పేరెందుకు?"

"ఎప్పటికైనా పోతదిగా. పేరు రెడీగా ఉంటది."

కొట్టు కట్టకుండానే బోర్డు రాయించి పెట్టుకునే రకం. నాకు ఏడుపు రాలేదు. ఒళ్ళు మండింది. నా బిడ్డ ఎక్కడ ఉండాలో నాకు తప్ప అందరికీ తెలుసు. నేను అక్కడ ఎవరి ముసలి తల్లికో స్నానం చేయిస్తుంటే, నా పిల్ల ఇక్కడ జర్మన్ పేరు పెట్టుకుని మాచర్లలో పాకుతుంటుంది.

ఆయన చేతిలోంచి ఉంగరం లాక్కున్నాను. పళ్ళెంలో బియ్యాన్ని అరచేత్తో చదును చేసి, కోటేశ్వరమ్మ అని రాశాను. పళ్ళెం చాలక చివర రెండక్షరాలు కింది వరసలోకి వచ్చాయి.

"అమ్మా, నక్షత్రం…" అన్నారు పంతులుగారు.

"పెద్దల పేరుకు చూడక్కర్లేదని మీరేగా చెప్పింది పంతులుగారూ. ఇక్కడుండే పిల్లకి ఇక్కడి పేరే ఉండాలి."

మా అత్తగారికి చదువు రాదు. "ఏం రాసిందిరా?" అని కొడుకును అడిగింది. ఆయన గొణిగినట్టు చదివారు. ఆమె గభాలున పైట భుజం మీదికి లాక్కుని ఫొటో వంక చూసింది. కోరిన పేరూ దక్కింది, మనవరాలూ దక్కింది, ఇక ఈవిడ సంబరానికి అంతుండదు అనుకున్నాను. ఆమె పళ్ళెం చూసింది, ఉయ్యాల చూసింది, చివరికి కొడుకు మీద పడింది.

"ఒరేయ్, ఇక దీన్ని నేనెట్టా పెంచేదిరా? ఆ పేరు నేను నోట్లోంచి తీయను. రేపు రోడ్డు మీదికి పరిగెత్తితే ఏమని కేకేసేది? అల్లరి చేస్తే మా అత్తని పట్టుకుని తిట్టమంటావా?"

"పాపా అని పిలవొచ్చుగా అమ్మా" అంది వదిన.

"ఎన్నేళ్ళే? పెళ్ళయ్యేదాకానా?" ఆమె గొంతు పెంచింది. "నేను తిట్టలేని పిల్లని నేను పెంచలేను. తల్లికి ఆ బాధ లేదు, అది తిట్టుకుంటది. తల్లితోనే పంపు. నిన్ను పాలు తాగే వయసులో ఎవరి దగ్గరన్నా పడేసి నేనెటన్నా పోయానంట్రా?"

నాకు అప్పుడు ఏడుపొచ్చింది. ఇన్నాళ్ళూ ఫోన్ చుట్టూ కూర్చుని ఆమెను చూసి నవ్వినందుకు సిగ్గు కూడా వేసింది. వెళ్ళి ఆమె పక్కన కూర్చున్నాను. "ఏడవబాకే, పాలు విరుగుతాయి" అని కసిరింది.

ఆయన ఫోన్ పట్టుకుని మెట్ల మీదికి వెళ్ళి కోచింగ్ సారుతో చాలాసేపు మాట్లాడి వచ్చారు.

"పిల్లని కూడా తీసుకుపోవాలంటే చానా ఆలస్యం అయిద్దంట."

"కానీండి" అన్నాను.

పంతులుగారికి ఆకలి వేస్తున్నట్టుంది, పేరు ఖాయమే కదా అని రెండోసారి అడిగి, బియ్యం మూట కట్టుకోవడం మొదలుపెట్టారు. వదిన మాత్రం ఇంకా తేరుకోలేదు. అన్నం వడ్డిస్తుంటే నా దగ్గరికి వచ్చి నిజమైన దిగులుతో అడిగింది.

"అది కాదే, అంత పేరు జర్మన్ వాళ్ళు ఎట్టా పలుకుతారే?"

"కడుపులో పిల్లని, చేతిలో పుస్తకాన్ని పెట్టుకుని వాళ్ళ భాష మొత్తం నేర్చుకోడానికి రోజూ బస్సెక్కాను వదినా" అన్నాను. "వాళ్ళు ఒక్క పేరు నేర్చుకోలేరా?"