చెవి గంటు

వదిన కుడిచేతిలో సూది, ఎడమచేతిలో కుంచె. సూదితో గీకడం, కుంచెతో తుడవడం. ఇసుక సంచి మీద ఒదిగి ఉంది, కోట్ల ఏళ్ల కిందట రాయైపోయిన పుర్రె. వెనక అంచు దగ్గర చప్పుడు మారింది. ఎముకైతే కిర్రుమంటుంది. ఇక్కడ సూది మెత్తగా దిగింది.

"ప్లాస్టర్," అంది.

పక్కనున్న మేడమ్ ఎగిరి గంతేసినంత పని చేసింది. ఈ పుర్రె మీద నాలుగేళ్లుగా పరిశోధన చేస్తోందావిడ. "అనుకున్నాను! చెవి దగ్గర గంటు లేదనేగా ముప్పై ఏళ్లుగా దీన్ని బల్లి జాతిలో వేశారు? గంటుంటే ఇది కప్పలకి పెద్దతాత వరస. తడి లేనిదే బతకదు. అంటే ఇది దొరికిన ఎర్రరాతి నేల అప్పట్లో ఎడారి కాదు వదినా, నీళ్లుండేవి! ఎవడో గాని, ఎముకేదో ప్లాస్టరేదో తెలీకుండా పూడ్చాడు మహానుభావుడు."

"మా ఆయన."

మేడమ్ నాలిక్కరుచుకుంది.

ఆ పనిగదిలో ఆయన అందరికీ అన్న. అందుకే ఈవిడ వదిన. క్యారేజీ తెచ్చినప్పుడల్లా ఆయన చేతులు చూస్తూ పని నేర్చింది. ఆయన పోయాక ఆ కుర్చీలోనే కూర్చుంది. ఇప్పటికి పదకొండేళ్లు. విరిగిన చోటు ఖాళీగా కనిపిస్తే ఆయనకి తోచేది కాదు; ప్లాస్టర్‌తో పూడ్చి, పైన ఎముక రంగు పూసేవాడు. "పుర్రెకి మాత్రం పరువుండదా ఏమే?" అనేవాడు.

రంగు పొర లేచిన చోట ప్లాస్టర్ మీద బొటనవేలి గుర్తు. గీతలకి అడ్డంగా చిన్న మచ్చ. ఉలి జారి తెగిన వేలది. కట్టు కట్టింది తనే. వదిన తన వేలు దాని మీద ఆనించింది. ఆ పల్లంలో తన వేలికి ఇంకా చోటు మిగిలింది.

"సగం ఉంచేద్దామా?" అంది మేడమ్ మెల్లగా.

"సగం గంటుని ఎవరైనా నమ్ముతారా?"

మేడమ్ పుర్రె మీదికి వంగింది.

"ఆయనా ఒప్పుకోడు. కాస్త జరగండి, వెలుగు పడనీండి."

తడిపితే పూటలో అయ్యే పని. వేలిగుర్తున్న ముక్క చెదరకుండా ఊడొస్తుందేమోనన్న ఆశతో నీటిచుక్క తగలనీయకుండా మూడు రోజులు చుట్టూ గీకింది. మేడమ్ తొందరపెట్టలేదు. మూడో మధ్యాహ్నం అది కదిలింది. కదిలి, నడిమికి చిట్లి, పొడిపొడిగా రాలింది.

"ఇంత గట్టిగా పట్టించమని ఎవరడిగారు మిమ్మల్ని?" అంది వదిన. అది మేడమ్‌తో అన్న మాట కాదు.

గంటు బయటపడింది, నున్నగా, బొటనవేలు పట్టేంత.

తీసింది ఏదైనా దాచాలన్నది అక్కడి నియమం. పొడిని చిన్న సీసాలోకి ఎత్తింది. చీటీ మీద 'ప్లాస్టర్' అని రాసి, కాసేపాగి, కింద ఆయన పేరు రాసింది. పుర్రె, సీసా ఒకే ట్రేలో పెట్టి మేడమ్ చేతికిచ్చింది.

"చెవి దగ్గర పట్టుకోకండి. ఇప్పుడక్కడ ఆసరా లేదు."