కోడలి కంట్లో రింగు

మే నెల రెండో ఆదివారం. తోటలో ఉన్నది నేను, మా ఆవిడ, కోడలు, కాయలు కోసే కూలీలు.

కెరటోకోనస్ అనే కంటి జబ్బు వల్ల కోడలి కంటి ముందున్న పారదర్శకమైన పొర శంఖంలా పొడుచుకొచ్చింది. పెళ్లికి ముందే ఆ పొరలో సన్నని రింగు అమర్చారు. అప్పటినుంచి ఇన్నేళ్లూ కళ్లద్దాలతో చక్కగా చూస్తోంది. కన్ను నలపకూడదని మాత్రం డాక్టరుగారు గట్టిగా చెప్పారు.

ఆ రోజు మామిడికాయల తొడిమలు విరిచి సొన కారుస్తూ, దురద పుట్టి, మరిచిపోయి మణికట్టుతో కన్ను నలిపేసింది.

"అయ్యో, రింగు కదిలిందేమో అత్తయ్యా! మళ్లీ ఆపరేషనంటారా?"

మా ఆవిడ ఆ కన్ను నీళ్లతో కడిగి, కళ్లద్దాలు పెట్టి, రెండోది మూయించింది.

"ఆ చిటారు కొమ్మన ఏం కనిపిస్తోందే?"

"రెండు కాయలు. ఇంకోటి ఆకుల చాటున ఉంది."

"మీ మావయ్యకి ఆ కొమ్మే కనపడదు. నీకేం కాలేదులే!"

నాకూ అలాగే అనిపించింది. అయినా మర్నాడు పొద్దున్నే కంటి ఆసుపత్రికి తీసుకెళ్లాను. డాక్టరుగారు కంటి పొర ఆకారం చూపే పాత మ్యాపునూ కొత్త మ్యాపునూ పక్కపక్కన పెట్టి చూశారు.

"పెట్టిన చోటే ఉందమ్మా. ఆకారమూ మారలేదు. ఇక నలపకు."

తిరుగు బస్సులోనే పని పంచుకున్నాం. సొన కార్చడం నాది, కాయలు ఏరడం కోడలిది.