గణపతిరావు పైన కట్టిన చీటీ

గణపతిరావుకు రాని పని లేదని హిందీ మాట్లాడే ఊరు పర్సుడీహ్‌లో పేరు. ఆ పేరును ఊరంతా చాటింది ఎక్కువగా ఆయనే. ప్లాంటులో ముప్పై నాలుగేళ్లు కరెంటు రిపేర్లు చేసి రిటైరయ్యాక ఊరికే కూర్చోవడం చేతకాక, ఇళ్లలో ఇంటర్నెట్టు రౌటర్ల పని పట్టాడు.

ఆ మధ్యాహ్నం భద్రమ్మ ఇంట్లో లాప్‌టాప్ తెరిచాడు. భద్రమ్మ, ప్లాంటులో ఆయనతో కలిసి పనిచేసిన ప్రాణ స్నేహితుడు శివశంకర్ భార్య. శివశంకర్ పోయి ఏడాది దాటింది. ఈమధ్యే ఆమె జారిపడి కాలు విరగ్గొట్టుకుంది, ఇంకా వాకర్‌తోనే నడుస్తోంది. కూతురు తనుశ్రీకి ప్లాంటులో ఉద్యోగం వచ్చింది. మర్నాడే పొద్దుటి షిఫ్టులో చేరాలి. గదిలోని కెమెరాలో అమ్మ తన ఫోనుకు కనబడితేనే చేరతానని, లేకపోతే ఉద్యోగమే వద్దని ఆ పిల్ల భీష్మించుకుంది.

ఇదెంత పని అన్నాడు గణపతిరావు. కెమెరా పాస్‌వర్డు మార్చాడు. బయటినుంచి తనుశ్రీ ఫోను అడిగితే రౌటర్ నేరుగా కెమెరా దగ్గరికే పంపేలా ఒక్క పోర్టుకు దారి వేశాడు. దాన్ని రానిమ్మని, రాకపోకలు కాసే ఫైర్‌వాల్‌లో ఒక రూలు చేర్చాడు. ఇంటి వైఫైలో భద్రమ్మ నిక్షేపంలా కనబడింది. తనుశ్రీ సందు చివరికెళ్లి, మొబైల్ డేటాతో చూసి, ఏమీ రావడం లేదని హిందీలో ఫోను చేసింది.

కెమెరా అడ్రసు చూశాడు, సరిగానే ఉంది. పోర్టు నంబరూ సరే. ఇంటర్నెట్టు వాళ్లనడిగితే తమ వైపు అడ్డేమీ లేదన్నారు. తనుశ్రీ మళ్లీ చూసి మళ్లీ లేదంది. భద్రమ్మ మొహం చిన్నబోయింది.

అప్పుడాయన ఫైర్‌వాల్ జాబితాను మొదటినుంచి చదివాడు. అన్నిటికన్నా పైన, బయటినుంచి ఏదొచ్చినా ఆపమనే రూలు. దాని పక్కన, 'శివశంకర్ కట్టాడు, ఎవరూ తియ్యొద్దు.' ఇందాకే చూశాడు దాన్ని. చూసి, పక్కకు తప్పుకుని, కింద తన రూలు రాసుకున్నాడు. ప్లాంటు అలవాటు మరి. రిపేరుకు ఆపిన మెషీను స్విచ్చికి తాళం వేసి పేరు చీటీ ఎవడు కడితే వాడే విప్పాలి. ఇంకొకడు చెయ్యి పెడితే లోపలున్నవాడి ప్రాణం పోతుంది. గణపతిరావు ఏనాడూ ఒకరి చీటీ ముట్టలేదు. ఇప్పుడు విప్పాల్సినవాడే లేడు. ఆయన చెయ్యి దాని దగ్గరే ఆగింది.

అయితే బుర్ర మాత్రం ఆగలేదు. ఫైర్‌వాల్ పైనుంచి కిందికి చదువుతుంది, ముందు ఏ రూలు కుదిరితే అదే చేస్తుంది. తన రూలును పట్టుకుని శివశంకర్ రూలుకు పైకి జరిపాడు.

తెర మీద భర్త పేరు చూసింది భద్రమ్మ. "ఆయన రాసింది తీసేత్తన్నారేటి?"

"నేదు వదినా. ఆడి చీటీ ఆడిదే. దాని పైన నాదొకటి కట్టేను. ఈ కెమెరాకొక్కదానికే దారి. మిగతా అన్నిటికీ ఆడే కాపలా."

ఫోను మోగింది. "దిఖ్ రహీ హై, కాకా" అంది తనుశ్రీ, అమ్మ కనబడుతోందని.

భద్రమ్మ కళ్లు తుడుచుకుని కెమెరా వైపు తిరిగింది.

"మీ నాన్న ఇక్కడే ఉన్నాడే. నువ్వు డూటీకెళ్లు."