చెప్పకుండా వచ్చే మా ఆడపడుచు

మా ఆడపడుచు పోయింది. పోయిన నెల హోసూరు ప్రభుత్వ ఆస్పత్రి నుంచి మా అబ్బాయి ఫోన్ చేసి, "అత్త పోయిందమ్మా" అన్నాడు. ఆ తరువాత చాలాసేపు ఎవరమూ ఫోను పెట్టేయలేదు. జ్వరం ముదిరి ఊపిరితిత్తుల్లోకి దిగినప్పుడు వాడు బెంగళూరులో పెద్ద ఆస్పత్రికి తీసుకుపోతానని కారు తెచ్చి వాకిట్లో పెట్టాడు. ఆమె ఎక్కితే కదా. "ఇన్నేండ్లు గవర్నమెంటు ఆస్పత్రుల వాళ్లను సతాయించినాను. ఇప్పుడు నాకు జబ్బు చేస్తే వేరే తావుకు పోయినాననుకో, వాళ్లు నన్ను చూసి నవ్వరా?" అంది. ఊపిరి ఆడనప్పుడు కూడా న్యాయం మాట్లాడే మనిషితో ఏం వాదిస్తాం? అక్కడి నర్సులు ఆమెను బాగా చూసుకున్నారు. భయంతోనా, ప్రేమతోనా అని నేను అడగలేదు.

ఆమెను ఎరగని వాళ్ల కోసం చెబుతాను. నా భర్తకు చెల్లెలు. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చేటప్పటికి నర్సు చదువు చదువుతూ ఉండేది. చాలా ఏళ్లు ఆస్పత్రిలో పనిచేశాక, తొంభైల మొదట్లో ఆమెను వేరే పనిలో వేశారు. ఆస్పత్రులూ, హాస్టళ్లూ, ప్రభుత్వ గ్రాంటుతో నడిచే ఆశ్రమాలూ ఎట్లా ఉన్నాయో చూసి వచ్చి పైకి రాయాలి. అప్పటికి కృష్ణగిరి వేరే జిల్లా కాలేదు. ధర్మపురి దాకా తిరిగేది. రిటైరయ్యేదాకా, అయ్యాక కూడా, హోసూరు పక్కనే మత్తిగిరిలో మా ఇంట్లోనే ఉంది. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగిన వాళ్లకు, "చూసినవాళ్లల్లో ఒక్కడూ తనికీలో పాసు కాలేదు" అని చెప్పేది. నేను హైస్కూల్లో తెలుగు చెప్పినదాన్ని, నోరు చిన్నది కాదు. నాకు ఎదురు చెప్పడానికి జంకని మనిషి ఆ ఇంట్లో ఆమె ఒక్కతే.

ఇంట్లో కూడా ఆమెకు అవే కళ్లు. వంటింట్లోకి రాగానే నీళ్ల కుండ మూత ఎత్తి లోపలికి చూసేది.

"అమ్మా, ఇది గవర్నమెంటు ఆస్పత్రి కాదు, నా వంటిల్లు" అనేదాన్ని.

"ఆస్పత్రి అయ్యుంటే ఈపాటికి నోటీసు ఇచ్చి ఉంటాను వదినా" అనేది, ఆ నీళ్లే ముంచుకొని తాగుతూ.

ఎక్కడికి పోయినా మొదట నీళ్లే అడిగేదట. ఆఫీసు గదిలోంచి ట్రేలో వచ్చే నీళ్లు కాదు, రోగులు తాగే నీళ్లు, వాళ్లు తాగే లోటాతో. దాంతో సగం సంగతి తెలిసిపోతుందనేది. మిగతా సగం వంటమనిషి మొహంలో చూసేది. వచ్చేది మాత్రం ఎవరికీ చెప్పేది కాదు. "చెప్పి పోతే నేను చుట్టాన్నయిపోతాను వదినా. కుర్చీ తుడుస్తారు, టెంకాయ కొట్టి నీళ్లిస్తారు. వాళ్లు నాకు మర్యాద చేసేదాంట్లో పడిపోతే, నేను చూసేదానికి ఏముంటుంది?" ఆఫీసు జీపు ఉన్నా టౌను బస్సులో, సంచీ ఒళ్లో పెట్టుకొని, కొత్తిమీర కట్టల మధ్య కూర్చొని పోయేది.

అయితే ఏడాదికి ఒక తనిఖీ మాత్రం ముందుగా కాగితం పంపి చేయాలి. అట్లాంటి తనిఖీల్లో ఒకటి మా ఇంటిమీదికే వచ్చింది.

మా అన్న హోసూరు నుంచి కృష్ణగిరికి పోయే దారిలో దిక్కులేని ముసలమ్మల కోసం ఒక ఆశ్రమం నడిపేవాడు. గ్రాంటు ప్రభుత్వానిది, కష్టం ఆయనది. ఒక్క రూపాయి తిన్నాడని ఆయనంటే గిట్టని వాళ్లు కూడా అనరు. మా అమ్మా నాన్నా పోయాక నాకు పుట్టిల్లంటే ఆయనే. ఆ ఏడు ఆశ్రమం మా ఆడపడుచు వంతుకు వచ్చింది. మాకు బంధుత్వం ఉందని పైవాళ్లకు చెప్పింది. వాళ్లు ఇంకో ఆఫీసరును తోడిచ్చి, ఇద్దరూ సంతకం పెట్టండన్నారు. మా అమ్మ తద్దినానికి వెళ్లి నేను అప్పటికే అక్కడ ఉన్నాను. అన్న ఇల్లు ఆ ఆవరణలోనే.

పొద్దున్నే వాళ్లు రాగానే మా అన్న పళ్లెంలో చీర పెట్టుకొని ఎదురువచ్చాడు. చెల్లెలి ఆడపడుచు గడపలోకి వస్తే చీర పెట్టడం మా వైపు మామూలే. లంచానికీ లాంఛనానికీ గీత ఎక్కడుందో చెప్పమంటే నాకే చేతకాదు. ఆమెకు ఒక్క క్షణం పట్టలేదు.

"బొట్టు పెట్టించు బావా, చీర ఉండనీ. నా రిపోర్టు పోయినాక కూడా నీకు పెట్టబుద్ధి అయితే, అప్పుడు కట్టుకుంటాను."

"నీ నోటికి ఎవడూ తట్టుకోలేడు మరదలా" అని ఆయన నవ్వాడు. అప్పటికి నవ్వాడు.

హాల్లోకి వెళ్లాం. ఫినాయిలు వాసన. వరసగా మంచాలు, మెత్తటి పరుపులు, మల్లెపూవుల్లాంటి దుప్పట్లు. మనిషన్నది ఒక్కరూ లేరు.

"మంచాలు బాగుండాయి బావా. మనుషులు యాడ?"

"ఎనకాల ఎండలో కూసోబెట్టినాను. ఈడుంటే దుప్పట్లు నలిగిపోవా?" అన్నాడు మా అన్న, నిష్కల్మషంగా. పక్కనున్న ఆఫీసరు తలెత్తి ఫ్యాను వైపు చూడసాగాడు.

ఆమె ఒక దుప్పటి మీద వేలు పెట్టి, మడత గీత వెంట ఈ చివరనుంచి ఆ చివరదాకా గీసింది. పెరటివైపు నడిచింది. ముసలమ్మలు తలలు దువ్వుకొని బట్టలుతికే బండల మీద బుద్ధిగా కూర్చొని ఉన్నారు. వాళ్ల పక్కన తనూ కూర్చుంది. లోపలికి వచ్చి పడుకోండమ్మా అంటే ఒక్కరూ కదల్లేదు. వాళ్లల్లో పెద్దావిడ నచ్చజెబుతున్నట్టు అంది:

"ఆ పరుపులు మావి కాదమ్మా. తనికీకి వచ్చేవాళ్లవి. సాయంత్రం మళ్లా మడిచి రూములో పెట్టి బీగం ఏస్తారు."

"మరి మీరు యాడ పండుకుంటారవ్వా?"

"చాప ఉంది కదా. మరీ చలి అయితే ఇద్దరిద్దరం ఒక కంబళిలో దూరతాం."

ఫిర్యాదు కాదు అది. కొత్తగా వచ్చిన మనిషికి ఇంటి పద్ధతి చెప్పినట్టు చెప్పింది. మార్గశిర మాసం, సిమెంటు నేల.

"పాడు చేసేస్తారమ్మా!" అన్నాడు మా అన్న. "వక్కాకు ఊసుకుంటారు, తడుపుకుంటారు. వారంలో పాతవైపోతే, రేపు గవర్నమెంటు వాళ్లొస్తే నేనేం చూపించేది?"

నాకు నవ్వూ వచ్చింది, భయమూ వేసింది. ఆయన తప్పు ఎక్కడిదో నాకు తెలుసు. మా అమ్మ గాజు గ్లాసులు చుట్టాల కోసమని బీరువాలో దాచి, మమ్మల్ని అల్యూమినియం లోటాలతో పెంచింది. ఆ గ్లాసులకు తగిన చుట్టం ఆమె బతికుండగా రాలేదు.

మా ఆడపడుచు లోపలికి వచ్చి మొదటి మంచం మీద తనే వెల్లకిలా పడుకుంది. "అబ్బ, ఎంత సుఖంగా ఉంది బావా! రాండమ్మా, ఈ పొద్దు తనికీ చేసేది మీరే. పండుకొని చూసి చెప్పండి." ఒక్కొక్కరినీ చెయ్యి పట్టి తెచ్చింది. ఆ పెద్దావిడ పడుకుంది కానీ, దుప్పటికి మట్టి అంటుతుందని పాదాలు మంచం బయటికి వేలాడేసింది. మా ఆడపడుచు వంగి ఆ రెండు పాదాలూ ఎత్తి పరుపు మీద పెట్టింది. తెల్లటి దుప్పటి మీద ఎర్రమట్టి. మా అన్న కళ్లు మూసుకున్నాడు.

బయలుదేరేటప్పుడు ఆ పెద్దావిడే ఆమె కొంగు పట్టుకుంది. "ఉన్నది రాస్తే దీన్ని మూసేస్తారా తల్లీ? మేము యాడికి పోవాల?"

ఆ రాత్రి ఇంటికి వచ్చాక మా ఆడపడుచు అన్నం కెలికి లేచిపోయింది. రాస్తే గ్రాంటు ఆగుతుంది. ఆగితే ఆ ముసలమ్మలు రోడ్డున పడవచ్చు. రాయకపోతే సిమెంటు మీద పడుకుంటారు. రాస్తే నా పుట్టింటి తలుపు కూడా మూసుకుంటుందని ఇద్దరికీ తెలుసు, ఎవరమూ ఆ మాట ఎత్తలేదు. మర్నాడు సాయంత్రం కాగితాలు ముందేసుకుంది.

"రాస్తావా?" అన్నాను.

"రాస్తాను వదినా. నీకు కష్టంగా ఉంటుంది."

"అయితే తప్పుల్లేకుండా రాయి. మా అన్న ఎట్లాగూ తిట్లు తింటాడు, మంచి భాషలో తిననీ."

నవ్వింది. కళ్లు తుడుచుకొని మరీ రాసింది. చూసినదంతా దాచకుండా రాసి, మూయవద్దని కూడా రాసింది: డబ్బు స్వాహా కాలేదు, మనుషులను కొట్టలేదు, సామాను రూము తాళం తీయించండి, నెలనెలా చెప్పకుండా వచ్చి చూసే బాధ్యత నాకివ్వండి అని. గ్రాంటు కొన్నాళ్లు ఆగింది. ఆ నెలల్లో వంటకు బియ్యం లేక మా అన్న ఊరిమీద పడి అడిగి తెచ్చాడు. మా గడప తొక్కడం మానేశాడు. నేను ఫోన్ చేస్తే, "ఆఫీసరమ్మ వదినగారా? చెప్పండి" అనేవాడు. చెల్లెల్ని అండీ అని పిలవడం కన్నా పెద్ద తిట్టు మా ఇళ్లల్లో లేదు.

ఆమె మాత్రం నెలనెలా పోయింది. అన్నతో మాటలు ఎట్లా సాగాయో వచ్చి నాకు అభినయించి చూపేది.

"మళ్లా వచ్చినావా?"

"బస్సు ఈడ నిలిచింది బావా, దిగినాను."

"ఈడ బస్సు నిలవదే!"

"నిలపమన్నాను."

గ్రాంటు మళ్లీ వచ్చింది. ఆ తరువాత సంక్షేమ శాఖ వాళ్లు చుట్టుపక్కల ఆశ్రమాల వాళ్లను తీసుకొచ్చి మా అన్న హాలు చూపించడం మొదలుపెట్టారట. ఒక రోజు అన్న ఉన్నట్టుండి మా వాకిట్లో నిలబడ్డాడు, చేతిలో అదే పాత చీర. "రిపోర్టు పోయి రెండేండ్లయింది. ఇంకా పెట్టబుద్ధి అవుతా ఉంది, ఏం చేసేది?" అన్నాడు. ఆమె తీసుకొని లోపలికి పోయి కట్టుకొని వచ్చింది. రంగు ఆమెకు అస్సలు నప్పలేదు. ఆ సంగతి నేను ఇప్పుడే చెబుతున్నాను.

ఆమె నన్ను నిద్రపోనివ్వని మనిషి. సాంబారులో ఉప్పు దగ్గరనుంచి ఓటు దగ్గరిదాకా తగువే. ఇప్పుడు కుండ మూత ఎవరూ ఎత్తడం లేదు. నీళ్లు రోజూ మారుస్తున్నాను.

కర్మలు అయ్యాక ముసలమ్మలకు చెప్పిరావాలని మా అన్నతో కలిసి ఆశ్రమానికి వెళ్లాను. ఆయన కూడా ముసలివాడయ్యాడు. ఇంకా ఆయనే చూసుకుంటున్నాడు. మధ్యాహ్నం వేళ. దుప్పట్లు ఉతికి ఉతికి వెలిసిపోయాయి, ఒకదాని మీద వక్కాకు మరక. అందరూ బయట పప్పు ఏరుతున్నారు. ఒకావిడ మాత్రం కిటికీ పక్క మంచం మీద నిద్రపోతోంది. ఆమెను లేపి చెబుదామని నేను నోరు తెరవబోతే మా అన్న చేత్తో ఆపాడు.

"లేపొద్దు. రాత్రంతా దగ్గుతా ఉంది. ఇప్పుడే కునుకు పట్టింది."

ఎండ కిటికీలోంచి ఆమె మొహం మీదికి వస్తోంది. మా అన్న చెప్పులు విడిచి చేత్తో పట్టుకొని, వేళ్ల మీద నడుచుకుంటూ పోయి, కిర్రుమనకుండా కిటికీ రెక్క కొంచెం కొంచెంగా దగ్గరికి లాగాడు.